పిల్లలకు భద్రం

బావ కొలను మీద కప్పే నీలం గుడ్డ మూతని భుజం మీదనుంచి ఆమె బల్ల మీదికి జార్చాడు. తడి ఇంకా ఆరలేదు. మడతల్లోంచి నీళ్ళు కారి ఆమె చెప్పుల మధ్య చిన్న మడుగు కట్టాయి.

"నాలుగు రింగులు ఊడాయి. సాయంత్రానికి వేసిచ్చెయ్యి. రేపు పొద్దున్నే తిరిగి కట్టాలి," అన్నాడు.

"ఎలా ఊడాయి?"

"కుక్క పడింది," అని ఆమె మొహం వైపు చూడకుండానే మంచినీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పొడవాటి రేకుల షెడ్డులో ఆమెని అందరూ కొత్తమ్మాయి అంటారు. వచ్చి నాలుగేళ్ళయింది. తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి ఆ పేరు ఇంకొకరికి దిగే వీలు లేకుండా పోయింది. ఏడాదిలో ఎక్కువ కాలం వాళ్ళు కుట్టేవి లారీల మీద కప్పే టార్పాలిన్లు, దుకాణాల ముందు కట్టే నీడ పట్టాలు. ఎండలు ముదిరితే మాత్రం పెరటి కొలనులు. ఇనుప గొట్టాల చట్రం, అందులో వేలాడే ప్లాస్టిక్ సంచి, పైన ఒక మూత. సంచి అతకడం, మూత కుట్టడం ఆమె పని. వాటిని ఇళ్ళల్లో బిగించి రావడం బావ పని. ఈ ఉద్యోగం ఇప్పించింది బావే. ఆమె ఉండేదీ అక్కాబావల ఇంట్లోనే.

మూతని బల్ల మీద పరిచింది. గుడ్డకి ఏం జరిగిందో చేతులకి తెలుస్తుంది. రింగు చుట్టూ గుడ్డ ఏ వైపుకి సాగితే లాగినవాళ్ళు ఆ వైపున ఉన్నట్టు. నాలుగు రింగుల దగ్గరా బయటి వైపుకే సాగింది. ఎవరో గట్టున నిలబడి రెండు చేతులా పీకారు. నడిమి భాగం పొట్టలా ఉబ్బిపోయి, ఎంత సరిచేసినా బల్లకి ఆనడం లేదు. అంచున, నీళ్ళు తగలని చోట, ఎండిన బురద అచ్చు ఒకటి ఉంది. ముందు అయిదు చుక్కలు. వెనక ఆమె మూడు వేళ్ళంత వెడల్పున్న మడమ.

కుక్కకి మడమ ఉండదు.

అతికే ముందు గుడ్డ తుడవాలి. లేకపోతే అతుకు నిలవదు. తడి బట్ట చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత తుడిచింది.

"ఏంటే అంత సేపు, ఇస్త్రీ చేస్తున్నావా?" అంది రింగులక్క. రింగులు కొట్టే బల్ల ఆమెది. ఇత్తడి రింగు పెట్టి, అచ్చు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ వేస్తే పరువు పోయినట్టు బాధపడుతుంది. "ఇటు తే. నా పిల్లలు బడినించి వచ్చేలోపు నేను ఇంట్లో ఉండాలి."

ఆ మధ్యాహ్నమే కొలను కొనడానికి ఒక పెద్దావిడ వచ్చింది.

షెడ్డు ముందు యజమాని సారు మూడు రకాల కొలనులు నమూనాకి పెట్టాడు. వాటి వెనక షెడ్డు గోడకి కిటికీ. కిటికీ కింద ఆమె మెషిను. కాబట్టి కొనేవాళ్ళు వేసే ప్రశ్నలు, సారు చెప్పే జవాబులు ఆమెకి కంఠతా వచ్చు. సారు చెడ్డవాడు కాదు. ఎవరినీ ఏరా అనడు, పండుటాకుల్లాంటి ముసలివాళ్ళకి కుర్చీ తనే తెచ్చి వేస్తాడు. ఈవిడకి కూడా తెచ్చాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"కవలలు. మనవడు, మనవరాలు. వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి."

"ఇంట్లో పెద్దవాళ్ళున్నారుగా?"

"ఆరుగురం ఉన్నాం. అదే నా భయం."

సారు నవ్వాడు. "ఆరుగురుంటే ధైర్యం కదమ్మా!"

"పదిమందిలో పాము చావదు బాబూ. నువ్వు చూస్తున్నావని నేను, నేను చూస్తున్నానని నువ్వు. పాతికేళ్ళు బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించాను. ఒక్కదాన్నే ఉన్నన్నాళ్ళూ ఒక్క తల లెక్క తప్పలేదు. తోడుకి ఇంకొకర్ని వేశారు. ఆ వారంలోనే ఒకడు వెనక సీట్లో నిద్రపోతూ బస్సుతో పాటు బస్సుల షెడ్డుకి వెళ్ళిపోయాడు."

చేతిసంచిలోంచి ఆవిడ ఒక రిబ్బను తీసింది. దానికి రెండు ముడులున్నాయి. కింది కొస నేలకి ఆనించి కొలను పక్కన నిలువుగా పట్టుకుంది.

"ఈ ముడి పిల్లల బొడ్డు. ఈ ముడి గడ్డం."

గాలి ఊది నిలబెట్టే కొలను దగ్గర ఆవిడ అంచుని అరచేత్తో నొక్కింది. అది మెత్తగా వంగింది. "పిల్ల దీన్ని ఆనుకుని తొంగి చూసిందంటే అంచు వంగుతుంది, తల ముందుకి పోతుంది. ఇది వద్దు." గట్టి ప్లాస్టిక్ తొట్టి అంచు బొడ్డు ముడికి చాలా కింద ఆగిపోయింది. ఆవిడ దాని దగ్గరే ఎక్కువ సేపు నిలబడింది. కానీ చివరికి చట్రం కొలను వైపు నడిచింది. రిబ్బను మొత్తం అయిపోయినా దాని అంచు ఇంకా పైనే ఉంది.

"మా అల్లుడుగారు ఇదే కావాలంటున్నారు. ఆయన కూడా దిగుతారట. ఈ నిచ్చెన తీసెయ్యచ్చా?"

"భేషుగ్గా తీసెయ్యచ్చమ్మా."

"తీసేదెవరు?"

సారు చెయ్యి ఊపాడు. "నిచ్చెన సంగతి వదిలెయ్యండి. మా దగ్గర మూత ఉంది. కట్టేశారంటే పైన పిల్లలు గెంతినా ఏం కాదు. కొత్తమ్మాయ్! ఒక మూత పట్రామ్మా."

ఆమె కొత్త మూత ఒకటి తీసుకెళ్ళి ఆవిడ ముందు విప్పింది. మూలన తెల్ల పట్టీ. పచ్చ దారంతో నేసిన అక్షరాలు: పిల్లలకు భద్రం. పక్కన నవ్వుతున్న చేప. ఈ పట్టీలు చుట్టగా వస్తాయి. మూతకొకటి కత్తిరించి, నాలుగు వైపులా కుట్టాలి.

పెద్దావిడ పట్టీని చూసి, అక్కడితో ఆగక, అంచు తిరగేసి కుట్టుని చూసింది. బొటనవేలితో వరస పొడుగునా రాసింది.

"రెండు వరసలు వేశారే."

"మా అమ్మాయి కుట్టేనమ్మా. చచ్చినా తెగదు," అన్నాడు సారు.

ఆవిడ ఆమె వైపు తిరిగింది. "నువ్వేనా? గట్టిదేనా తల్లీ?"

ఆమె చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉంది. సారు చూస్తున్నాడు. లోపల రింగులక్క సుత్తి ఆగింది.

"గట్టిదేనండి," అంది.

ఆవిడ తల ఊపి, సంచిలో రిబ్బను పెట్టుకుంది. నాలుగో రోజు పొద్దున్న బిగించేట్టు మాట అయింది.

మర్నాడు ఆ కొలనుకే గుడ్డ కోస్తూ కటింగ్ మాస్టారు, "గట్టిదే," అన్నాడు ఉన్నట్టుండి. ముప్పై ఏళ్ళుగా కోస్తున్నాడు. గీత గీయకుండా కళ్ళతో కొలిచి కోసినా దారమంత తేడా రాదు. "నిన్న చెప్పావుగా ఆవిడకి. గట్టిదే. చిక్కంతా అక్కడే."

"అంటే?"

మాస్టారు కత్తెర పక్కన పెట్టాడు. తను తాగుతున్న నీళ్ళ గ్లాసు మీద జేబురుమాలు పరిచి, అంచు చుట్టూ ఒక దారం చుట్టి కట్టాడు. గీతలు గీసే సుద్దముక్క తీసి రుమాలు మధ్యలో పెట్టాడు. రుమాలు దిగింది. సుద్దతో పాటు నీళ్ళలోకి దిగి, రెండు వైపులనుంచీ దగ్గరికి వచ్చి, సుద్ద మీద మూసుకుంది. గ్లాసులో ఒక చిన్న మూట మిగిలింది. చప్పుడు లేదు.

"నిన్న వచ్చిన మూత నేనూ చూశాను. నీ కుట్టు తెగలేదు. తెగితే పడ్డవాడు ఏ పక్కనుంచైనా జారి తేలేవాడు. తెగలేదు కాబట్టి వాడి చుట్టూ మూట కట్టింది."

ఆమె గ్లాసు వైపే చూస్తోంది. ఆ రెండో వరస ఎవరూ వెయ్యమనలేదు. నిరుడు ఎండాకాలం తనే మొదలుపెట్టింది. పిల్లలుండే ఇళ్ళకి వెళ్ళేవి కదా అని, భోజనం టైములో సగం మిగుల్చుకుని, ప్రతి మూతకీ రెండోసారి చుట్టూ తిరిగి కుట్టింది. సారు మెచ్చుకున్నాడు కూడా.

"మరి భద్రంగా ఉండేది ఎలా ఉంటుంది మాస్టారూ?"

"చుట్టూ సిమెంటు గట్టు ఉండాలి. అందులో మేకులు దింపి, స్ప్రింగుల పట్టీలతో డోలు బిగించినట్టు బిగించాలి. నువ్వెక్కి నిలబడ్డా చీలమండ దిగకూడదు. మనదేముంది? చట్రానికి తాడు. ఆకులు పడకుండా, దుమ్ము పడకుండా. అంతే."

"సారుకి చెప్పలేదా?"

"మొదటి ఏడే చెప్పాను. లేనిదానికన్నా నయం కదా మాస్టారూ అన్నాడు." మాస్టారు సుద్దని బయటికి తీసి, మెత్తబడిన మొనని చూసుకుని పారేశాడు. "నేను గుడ్డ కోసేవాణ్ణమ్మా. పట్టీ కుట్టేది నువ్వు."

ఆ మాట ఆమెకి రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం ఇంట్లో అక్క కూతురు నేల మీద గిన్నెలు పేర్చి ఆడుకుంటోంది. నాలుగేళ్ళది. బావ కంచం ముందు కూర్చుని కలిపిందే కలుపుతున్నాడు.

"బావా, ఆ కుక్క ఎంత ఉంటుంది?"

"కుక్కంత ఉంటుంది."

అక్క పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. కంచం పక్కకి జరిపి, "మనం కుట్టేవాళ్ళం, కట్టేవాళ్ళం. అమ్మేవాళ్ళం కాదు. తెలిసిందా?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

వంటింట్లో అక్క గొంతు తగ్గించింది. "రెండు రోజులై ఆయన ముద్ద మింగడం లేదు. అడిగితే కసురుతున్నాడు. నువ్వు ఏదీ కదపకు. ఈ పని పోతే ఆయనకి ఇంకో పని రాదు, నీకూ రాదు. తెలుసుగా?"

"తెలుసు."

"తెలిస్తే ఆ గిన్నెలు అందుకో."

ఆమె అందుకుంది.

మూడో రోజు మూత కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు పలకలు అతకాలి. వేడి గాలి గొట్టాన్ని రెండు పొరల మధ్యకి పోనిస్తూ, వెనకాలే రోలరుతో నొక్కుతూ పోవాలి. గొట్టం ఆగితే గుడ్డ కాలుతుంది, తొందరపడితే అతకదు. షెడ్డు మొత్తంలో ఆ వేగం ఆమె చేతికే పట్టుబడింది. అతుకు అయ్యాక అంచు మడిచి కుట్టింది. ఒక వరస. రెండో వరసకి సూది దింపి, ఆపి, మళ్ళీ ఎత్తేసింది.

లారీ టార్పాలిన్ల మీద యజమానుల పేర్లు అతికేది కూడా ఆమే. ఎర్ర గుడ్డలో అక్షరాలు కోసి, వేడితో అంటించాలి. అక్షరాలు కోసేది మాస్టారు. ఆమె ఒక కాగితం మీద రాసి మాస్టారు బల్ల మీద పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివాడు. కాగితం దించి ఆమెని చూశాడు. మళ్ళీ కాగితాన్ని చూశాడు.

"ఏ లారీకమ్మా, ఇంత పొడుగు పేరు?"

ఆమె ఎర్ర గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది.

"సరేలే. ఎంత ఎత్తు కొయ్యమంటావ్?"

ఆమె మోచేతినుంచి మణికట్టు దాకా చూపించింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు వాటిని అంటించింది. మూత నట్టనడుమ రెండు వరసలుగా. తర్వాత మూలన పట్టీ కూడా కుట్టింది, చెప్పినట్టే, నాలుగు వైపులా. మడత పెడితే నడిమి భాగం లోపలికి పోతుంది, మూల పైకి వస్తుంది. సాయంత్రం సారు వచ్చి మూల చూశాడు, పట్టీ మీద వేలితో తట్టాడు, "శభాష్," అన్నాడు. ఆమె మడతల మీద రెండు అరచేతులూ ఆన్చి నిలబడింది.

నాలుగో రోజు బావతో పాటు ఆమె కూడా వెళ్ళాలి. సంచి నాలుగో మూలని చట్రంలో దించాకే అతకాలి, అది చోటు చూసి చెయ్యాల్సిన పని. బండిలో ఆమె వేడి గాలి గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూత వెనక సామానంతటికీ పైన ఉంది. దారి పొడుగునా ఎన్నిసార్లు, బావా ఆపు అనబోయిందో. ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు వచ్చింది. ఇల్లు కూడా వచ్చేసింది.

పెరటికి మూడు వైపులా గోడ. ఒక పక్క బట్టలారేసే తీగ. ఆరుగురు పెద్దవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఒకాయన గుమ్మంలో ఫోను మాట్లాడుతున్నాడు, ఒకామె బట్టలు దులుపుతోంది, అల్లుడుగారు గొట్టాలు లెక్కపెడుతూ సలహాలిస్తున్నారు. కవలలు ఎవరి చేతిలోనూ లేరు. పాప ఒక గొట్టంలో నోరు పెట్టి కూస్తోంది. బావ స్పానరు పట్టుకుని బాబు ఎటో వెళ్ళిపోయాడు.

"తొమ్మిదింటికి ఇద్దరు. ఇప్పుడు ఒకత్తే," అని పెద్దావిడ లేచి, తీగ వెనకనుంచి బాబుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మిగిలినవాళ్ళకి వాడు పోయినట్టూ తెలియలేదు, వచ్చినట్టూ తెలియలేదు.

చట్రం లేచింది. ఆమె మూల అతికింది. నీళ్ళు నింపే ముందు మూత కట్టే పద్ధతి చూపించాలి. అది బావకి రివాజు. మూతని నేల మీద పెట్టి, ఒక కొస ఆమెకిచ్చి, "లాగు," అన్నాడు. ఆమె కొస పట్టుకుని వెనక్కి నడిచింది. ఒక మడత విడింది. ఇంకో మడత. నీలం గుడ్డ పెరడంతా పరుచుకుంది.

బావ తల వంచుకుని తాడు సరిచేస్తున్నాడు. ముందు చూసింది పాప. పరిగెత్తుకొచ్చి ఒక ఎర్ర అక్షరం మీద నిలబడి, ఇంకో అక్షరం మీదికి గెంతింది. దాంతో అందరూ చూశారు. పెద్దావిడ బడి పిల్లలా ఒక్కో మాటా కూడబలుక్కుని పైకే చదివింది.

"దుమ్ముకే ఈ మూత. మనిషిని ఆపదు."

"ఇదేంటి, వేరేవాళ్ళది తెచ్చారా?" అన్నారు అల్లుడుగారు.

బావ తాడు వదిలేశాడు. అక్షరాలని చూశాడు, ఆమెని చూశాడు. మూతని గబగబా మడిచెయ్యబోయి వంగాడు. పాప ఇంకా దాని మీదే ఉంది. మడవలేక అలాగే వంగి ఉండిపోయాడు.

పెద్దావిడ గుడ్డ అంచు వెంట నడుచుకుంటూ మూల దాకా వెళ్ళింది. "ఇక్కడేమో పిల్లలకు భద్రం అని ఉంది. గుడ్డ ఒకటి, మాటలు రెండు. ఏది నమ్మాలి బాబూ?"

"మా సారుని అడగండమ్మా."

"సారుని అడిగాను. ఇప్పుడు కట్టేవాళ్ళని అడుగుతున్నాను."

బావ నేల మీది తాడు అందుకుని చుట్టడం మొదలుపెట్టాడు. గుమ్మంలో ఫోను మాట్లాడే ఆయన మాట ఆపి ఇటు చూశాడు. ఆవిడ ఆమె వైపు తిరిగింది.

"మొన్న నిన్నడిగితే గట్టిదే అన్నావు."

"గట్టిదేనండి." ఆమె గుడ్డ నడిమి వైపు చూపించింది. "పిల్లలు ఎక్కితే కిందికి దిగుతుంది. చుట్టూ మూసుకుంటుంది. గట్టిది కాబట్టి మళ్ళీ తెరుచుకోదు. చప్పుడు కూడా రాదు."

పెద్దావిడ పాపని ఎత్తుకుని గుడ్డ మీదనుంచి దింపి, బాబు పక్కన నిలబెట్టి, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టుకుంది.

"ఆ తొట్టి తెచ్చిపెట్టండి. బొడ్డు దాకా రానిది. సాయంత్రం బోర్లించేస్తే దానికి అదే మూత."

"అంత తొట్టిలో నేనెక్కడ పడతానండీ?" అన్నారు అల్లుడుగారు.

"మీరు లోపల రెండు చెంబులు పోసుకోండి అల్లుడుగారూ. తలుపు గడియ కూడా ఉంటుంది."

చట్రం విప్పడానికి బిగించినంత సేపూ పట్టింది. వీధి చివర మలుపు తిరిగాక బావ బండిని పక్కకి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"కుక్క కాదు," అన్నాడు.

"తెలుసు."

"పంపు బిగించి సామాను సర్దుకుంటున్నా. మూత మధ్యలో గుంట కనపడింది. గాలికనుకున్నా. బండి దాకా వెళ్ళి మళ్ళీ ఎందుకో వెనక్కి చూశా." అతని చేతులు స్టీరింగు మీద, మూతని పీకినట్టే బిగిసి ఉన్నాయి. "ఊపిరి తీసుకున్నాడు. బాగానే ఉన్నాడు. వాళ్ళమ్మ నా కాళ్ళు పట్టుకుంది. నేను కట్టిన మూతే, నా కాళ్ళు పట్టుకుంది."

ఆమె గొట్టాన్ని ఒళ్ళో ఇటునుంచి అటు తిప్పింది.

"నాకొక్క మాట చెప్పాల్సింది కదా," అన్నాడు.

"చెబితే ఒప్పుకునేవాడివా?"

బావ ఆలోచించాడు. "లేదు," అని బండి నడిపాడు.

అయిదో రోజు సారు గొంతు పెంచలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. మూతని షెడ్డు మధ్యలో పరిపించి, చుట్టూ ఒకసారి నడిచాడు. "అక్షరాలు చక్కగా వచ్చాయి," అన్నాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో అనుకునేవాణ్ణి. ఇదన్నమాట."

మాస్టారు కత్తెర చప్పుడు చెయ్యకుండా పట్టుకున్నాడు.

"నిన్ను పొమ్మనను. సీజను మధ్యలో ఆ గొట్టం ఇంకెవరికీ చేతకాదు, ఆ సంగతి నీకూ తెలుసు. లారీవి కుట్టుకో, సంచులు అతుక్కో. మూతల జోలికి రాకు. మీ బావ కూడా ఇకనుంచి ఇళ్ళకి వెళ్ళడు. గోడౌన్లో చుట్టలు మొయ్యమను." జేబులోంచి పట్టీల చుట్ట తీసి రింగులక్క బల్ల మీద పెట్టాడు. "ఈ రెండు మూతలకీ నువ్వు కుట్టు. పన్నెండింటికి పార్టీ వస్తుంది."

బావ అప్పటికే గోడౌను వైపు నడుస్తున్నాడు. వీపు మీద చొక్కా పొద్దున్నే తడిసిపోయింది. ఇంట్లో అక్కతో ఎవరు చెబుతారో ఇద్దరూ అనుకోలేదు. ఆమె తన మెషిను ముందు కూర్చుని లారీ టార్పాలిన్ అంచు మడవడం మొదలుపెట్టింది. గుడ్డ బరువుగా ఉంది. గోడ గడియారం పది దాటింది.

రింగులక్క మెషినుకి దారం ఎక్కించి, పట్టీ ఒకటి కత్తిరించి, వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఆవిడకి చదువు రాదు.

"ఏమే కొత్తమ్మాయ్. ఇన్నేళ్ళూ ఇది సారు పేరనుకుంటున్నా. దీని మీద ఏం రాసుంది?"

"పిల్లలకు భద్రం అని."

"ఈ మూతా?"

"ఊఁ."

"అవునా మరి?"

"కాదక్కా."

రింగులక్క చేప బొమ్మని బొటనవేలితో ఒకసారి రుద్దింది. పట్టీని మూత మూలన పెట్టి, మెషిను తొక్కి, గబగబా కుట్టేసింది. కొత్తమ్మాయి కళ్ళు దించుకుంది. ముగ్గురు పిల్లల తల్లి, ఇంకేం చేస్తుంది అనుకుంది.

సారు వచ్చి చూశాడు. "ఇదేంటి, తలకిందులుగా కుట్టావు?"

"అయ్యో! నాకేం తెలుసు సారూ, చేప ఎటు ఈదుతుందో!"

విప్పించాడు. రెండోసారి పట్టీ వంకరపోయింది. మూడోసారి మూత రెండు పొరలనీ కలిపి కుట్టేసింది. ఆ పొద్దున్నే అదే మెషిను మీద ఆవిడ గజాల కొద్దీ అంచుని తాడు పట్టినట్టు తిన్నగా కుట్టింది. సారు గడియారం వైపు చూసి, మాస్టారి వైపు తిరిగాడు.

"నాకు చత్వారం సారూ," అన్నాడు మాస్టారు, వెంట్రుకవాసి తేడా లేకుండా గుడ్డ కోస్తూ. "సూది దగ్గర అసలు కనపడదు."

పన్నెండుకి పది నిమిషాలుంది. సారు చొక్కా చేతులు మడుచుకున్నాడు. రింగులక్క లేచి చోటిచ్చింది. ఆయన స్టూలు ముందుకి లాక్కుని, పట్టీని మూల మీద పెట్టి, రెండు వేళ్ళతో నొక్కిపట్టి, కాలు వేశాడు. మెషిను గడగడలాడింది. గుడ్డ జారింది. కింద దారం ఉండ చుట్టుకుంది. కత్తిరించి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అదే గడగడ.

మొదటి చప్పుడుకే ఆమెకి తెలిసింది. గుడ్డని అదిమిపట్టే పాదం దించలేదు. సూది వెనకాల చిన్న మీట, వేలితో ఒక్కసారి నొక్కితే చాలు. రింగులక్కకీ తెలుసు. మాస్టారికీ తెలుసు. రేపో ఎల్లుండో సారుకీ తెలుస్తుంది.

"ఏమైంది దీనికి? ఎవరైనా చూడండమ్మా," అన్నాడు సారు.

షెడ్డులో ఎవరూ లేవలేదు. వాకిట్లో బండి ఆగిన చప్పుడు, కొనేవాళ్ళ పిల్లల అరుపులు వినపడ్డాయి. ఆమె లారీ టార్పాలిన్ అంచు సూది కిందికి జరిపి, తన మెషిను పాదం దించి, కుట్టడం మొదలుపెట్టింది.